పప్పు ఉడకని నీళ్లు

1946 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి యునిసెఫ్‌ను ఏర్పాటు చేసింది. యుద్ధంతో చితికిపోయిన యూరప్ పిల్లలకు పాలపొడి పంచడం, 1953లో అది శాశ్వత సంస్థ కావడం, 1965లో నోబెల్ శాంతి బహుమతి అందుకోవడం మీరు విన్న సంగతులే. కాబట్టి పాల ముచ్చట పక్కన పెట్టి నీళ్ల దగ్గరికి వస్తాను. మా ఇంటి ఆడపిల్లల బతుకు మార్చింది నీళ్లే.

మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న పల్లె. ఊరి మొత్తానికి ఒకే దిగుడు బావి. మెట్లు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి బిందెలు ముంచుకునేవాళ్లం. నేను మూడో తరగతిలో ఉండగా మా అక్క కాలి మడమ దగ్గర బొబ్బ లేచింది. అది పగిలి, లోపలి నుంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టింది. నారికురుపు. మా అవ్వ ఆ కొసను చీపురుపుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా లాగేది. తొందరపడి లాగితే తెగుతుంది, తెగితే కాలు వాచి చీము పడుతుంది. పూర్తిగా బయటికి రావడానికి మూడు వారాలు పట్టింది. అక్క మంచం మీద ఉండగానే ఐదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఆమె మళ్లీ బడి మెట్లు ఎక్కలేదు.

ఆ పురుగు నీళ్లలో కాలు పెడితే ఎక్కుతుందని మా ఊళ్లో అందరూ నమ్మేవాళ్లు. నిజం వేరు. అది ఎక్కేది తాగే నీటి నుంచే. బావి నీళ్లలో కంటికి ఆననంత చిన్న జీవులుంటాయి. వాటి కడుపులో పురుగు పిల్లలుంటాయి. ఆ నీళ్లు తాగిన ఏడాదికి పురుగు కాల్లోంచి బయటికొస్తుంది. ఆ కాలితో మళ్లీ బావిలో దిగితే పురుగు తన పిల్లలను నీళ్లలోకి వదులుతుంది. అంటే కాలు బావికి ఇస్తుంది, నోరు బావి నుంచి తీసుకుంటుంది. దీనికి మందు లేదు, టీకా లేదు.

ఈ చక్రం తెగాలంటే బావిలో దిగకుండా నీళ్లు అందాలి. అలా అందించింది బోరింగు, అంటే చేతిపంపు. ఇక దాని సంగతి. 1966, 67 ప్రాంతంలో బీహారు కరువులో బావులు అడుగంటినప్పుడు, గట్టి రాతిని తొలిచే యంత్రాలను యునిసెఫ్ విదేశాల నుంచి తెప్పించింది. బోర్లయితే పడ్డాయి గానీ వాటి మీద బిగించిన పోత ఇనుము పంపులు నిలవలేదు. అవి పాశ్చాత్య దేశాల్లో ఒక్క కుటుంబం వాడుకునే పంపులకు నకళ్లు. ఊరంతా పొద్దుగూకులూ కొడితే ఏం తట్టుకుంటాయి? 1970ల నడుమ లెక్క చూస్తే, నాలుగింట మూడు పంపులు మూలపడి ఉన్నాయి.

బోరింగును దొరలు తయారుచేసి మనకిచ్చారని చాలామంది అనుకుంటారు. కాదండీ. దాని పేరే ఇండియా మార్క్ టూ. మహారాష్ట్రలో షోలాపూరు, జాల్నా ప్రాంతాల్లో క్రైస్తవ మిషన్ల తరఫున బావులు తవ్వించేవాళ్లు, అక్కడి మెకానిక్కులు కలిసి ఉక్కుతో గట్టి పంపులు చేసుకున్నారు. షోలాపూరు పంపు రూపం ఇచ్చిన మనిషి పని చేస్తూ చేస్తూ నేర్చుకున్న మెకానిక్కే. ఆ నమూనాను పట్టుకుని ప్రభుత్వం, యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి మెరుగులు దిద్దాయి. కోయంబత్తూరు వైపు లోతు బోర్ల మీద పరీక్షించారు. 1977 ప్రాంతంలో మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ అనే ప్రభుత్వ కర్మాగారంలో పెద్ద ఎత్తున తయారీ మొదలైంది. దానికి పేటెంటు పెట్టలేదు, ఎవరైనా చేసుకోవచ్చు. ఇచ్చినవాళ్ల పేరు కన్నా పుచ్చుకున్నవాళ్ల చేతిలో పనిముట్టు నిలవడం ముఖ్యమని తలచి చేసిన సాయం అది. ఆ పద్ధతి నాకెంతో ఇష్టం.

ఆ పంపు తలలో ఒక గొలుసు ఉంటుంది. మూత తీసినప్పుడు ఎప్పుడైనా చూశారా? పాత పంపుల్లో హ్యాండిల్ కదిలినప్పుడల్లా రాడ్డు పక్కకు ఒరిగి అరిగిపోయేది. ఇందులో హ్యాండిల్ కొసన పావు చక్రంలాంటి ముక్క ఉంటుంది, దాని మీదుగా గొలుసు దిగుతుంది. అందుకని హ్యాండిల్ ఎటు వంగినా రాడ్డు నిట్టనిలువుగా లేస్తుంది, తన బరువుతో తానే కిందికి దిగుతుంది. అంతే కిటుకు.

మా ఊరికి బోరు బండి 1982 ఎండాకాలంలో వచ్చింది. రాత్రంతా ధడధడమని మోత, ఊరంతా బూడిదరంగు దుమ్ము. తెల్లారేసరికి ఆ దుమ్ము తడిసి బురదైంది, బురద వెనకాల నీళ్లు చిమ్మాయి. నాకు హ్యాండిల్ అందేది కాదు. ఇద్దరు పిల్లలం కలిసి దానికి వేలాడితే గానీ అది కిందికి దిగేది కాదు.

కానీ అవ్వ రెండో రోజే ఖాళీ బిందె తీసుకుని దిగుడు బావికి బయల్దేరింది. "ఈ నీళ్లకు పప్పు ఉడకదు మే" అంది. నిజంగానే ఉడకలేదు. పొయ్యి మీద గంటసేపు ఉన్నా కందిపప్పు గింజ గింజగానే ఉండిపోయింది. పల్లె జనం మూఢులు, మంచి నీళ్లిచ్చినా మారరు అని ఎవరైనా అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. కట్టెలు మోసుకొచ్చే ఆడమనిషికి పప్పు ఉడకడం చిన్న విషయం కాదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1980ల్లో నారికురుపు నిర్మూలన కార్యక్రమం వచ్చింది. నర్సమ్మ ఇంటింటికీ తిరిగి, నీళ్లు వడకట్టే గుడ్డలు పంచింది. బావిని పూడ్చలేదు. మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టారు. అవ్వకు పప్పు ఉడికే నీళ్లూ దక్కాయి, బావిలో కాలు పెట్టడమూ ఆగిపోయింది. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో భారతదేశం నారికురుపు నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

బోరింగు అన్నిచోట్లా మేలే చేసిందని మాత్రం చెప్పలేను. నల్గొండ జిల్లాలో బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఎందరో పిల్లల ఎముకలు వంచేసింది. పటిక, సున్నం కలిపి ఆ నీటిని శుద్ధి చేసే నల్గొండ పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు 1970ల్లోనే ఇచ్చారు. అయినా ఊరూరా అది నిలవలేదు. నీళ్లు పడగానే పని అయిపోదు. పరీక్ష చేయకుండా పిల్లలకు ఆ నీళ్లు తాగించకూడదు.

మొన్న పండక్కి ఊరెళ్లాను. అక్క గడపలో కూర్చుని కాళ్లకు పసుపు రాసుకుంటోంది. ఆమె మనవరాలు మడమ దగ్గరి మచ్చ మీద వేలు పెట్టి "ఇదేంటవ్వా?" అని అడిగింది. అక్క చెప్పింది. ఆ పిల్ల ఆ మాట ఎప్పుడూ వినలేదు. "నారి... ఏంటీ?" అని మళ్లీ అడిగింది.