పాత కారుకు కొత్త గొంతు



నేడు నేను మాటాడబూనిన విషయము విని మీలో కొందరు నవ్వుకొందురేమో. ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దరూపములును, ఛందస్సును, చిన్నయసూరి బాలవ్యాకరణమును బోధించి విశ్రాంతి గైకొన్న బడిపంతులు, ఒక పాత స్పోర్ట్స్ కారు తలుపులలోని స్పీకర్లు మార్చు విధమును గూర్చి ప్రసంగించుట యేమని. నాకును మొదట అట్లే తోచినది. కాని శబ్దమునకును అర్థమునకును గల సంబంధమును నా చదువంతయు నేర్పలేనంత చక్కగా ఆ రెండు కాగితపు గరాటులు నాకు నేర్పినవి. ఆ పాఠమునకు వెల చెల్లించినది నేను గాదు, నా మిత్రుడు. అందుచేతనే యీ ప్రసంగము.

ముందుగా ఆ కారు సంగతి విన్నవించెదను. మాది శ్రీకాకుళము జిల్లా, ఉద్దానము. నా తమ్ముని కుమారుడు విశాఖపట్నమున ఉద్యోగము చేయుచు, ఒక పాత సాన్ స్టార్మ్ కారును ముచ్చటపడి కొనెను. అది గత శతాబ్దపు చివరను మన దేశముననే తయారైన బండి. ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది. ఇనుపరేకునకు మారుగా గాజునారతో చేసిన యొడలు, తొలగింపదగిన మీదికప్పు, 1,149 ఘన సెంటీమీటర్ల రెనో ఇంజను. ఇంగ్లీషున స్టార్మ్ అనగా తుపాను. మావాడు రెండేండ్ల పనిమీద విదేశమునకు పోవుచు, ఆ బండిని మా పశులసాలలో నిలిపి, “పెదనాన్నా, వారానికోసారి స్టార్టు చేసి ఆపుతూండండి, బ్యాటరీ చావకుండా ఉంటుంది” అని చెప్పిపోయెను. నేనును తప్పక అట్లే చేయుచుంటిని. అందులోని రేడియోను మాత్రము ఎన్నడును ముట్టలేదు.

2018 అక్టోబరు 10వ తేదీ సాయంకాలము. తిత్లీ తుపాను వచ్చుచున్నదని పగలే దండోరా వేసిరి. తిత్లీ యనగా సీతాకోకచిలుక. బంగాళాఖాత తుపానులకు ఇరుగుపొరుగు దేశములు పేర్లు సూచించు వాడుక గలదు. ఈ పేరు పాకిస్తాను సూచించినది. తుపాను వచ్చునని యెల్లరకు తెలియును. తెలియవలసినది అది తీరము దాటు చోటు. చీకటి పడగానే మా వీధికి కరెంటు పోయెను. టెలివిజను మూగవోయెను. సెల్‌ఫోనులు పనికిరాకుండ పోయెను. అప్పుడు నాకు పశులసాలలోని కారు జ్ఞప్తికి వచ్చెను. బ్యాటరీ బ్రతికియున్నది. మీట త్రిప్పగా రేడియో వెలిగినది. ఇరుగుపొరుగువారు పదిమంది లాంతర్లతో వచ్చి చుట్టు చేరిరి.

వార్తలు చదువువారి గొంతు బయటికి వచ్చెను గాని మాట రాలేదు. ప్రతి యచ్చు వెంటను చెవులు చిల్లులు పడునట్లు బరబరమను చప్పుడు. తీరము దాటు చోటు చెప్పునపుడు “పట్నము” అను తుదిమాట మాత్రము తెలిసెను. దాని ముందున్న మూడక్షరములు ఆ బరబరలో మునిగిపోయెను.

వీధి చివర తాటాకు ఇంటిలో నుండు కొబ్బరితోట రైతు నా యీడువాడు, చిన్ననాటి చెలికాడు. ఆయన ముందుకు వంగి, “ఏటి మేస్టారూ, ఏ పట్నమంటన్నాడు?” అని యడిగెను. పదిమంది చూపులు నా మీదనే యున్నవి.

అయ్యా, అప్పుడు నేను చేసిన పని వినుడు. మన తీరమున పట్నములు మూడు నాకు స్ఫురించినవి. భీముని పట్నము, విశాఖ పట్నము, కళింగ పట్నము. మూడింటికిని ముందు మూడక్షరములే. బరబరలోను నడక కొంత చెవిని బడినది: లఘువు, గురువు, లఘువు. జగణము. భీముని యనునది భగణము, కావున అది గాదు. విశాఖ జగణము. కళింగయు జగణమే! ఛందస్సు నన్నంతవరకు తెచ్చి విడిచినది. అక్కడ నేను “నాకు వినబడలేదు” అని యుండవలసినది. కాని బడిపంతులకు ఆ మాట నోట రాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నముననే తీరము దాటినది గదా యని తలచి, “విశాఖపట్నమనుచున్నాడు” అని చెప్పితిని. విశాఖ మాకు నూరు మైళ్ళకు పైబడిన దూరము. జనులు ఊపిరి పీల్చుకొని యిండ్లకు మరలిరి. డాబా గల బడిలోనికి పోవలెనని మూట గట్టుకొన్న నా మిత్రుడు, మూట విప్పి తన తాటాకు ఇంటిలోనే పరుండెను.

రేడియో చెప్పినది కళింగపట్నము. గోపాలపురమునకును కళింగపట్నమునకును నడుమ తీరము దాటునని వాతావరణ శాఖవారు హెచ్చరించియుండిరి. మరునాడు, అనగా 11వ తేదీ తెల్లవారుజామున, తిత్లీ పలాస సమీపమున తీరము దాటెను. గాలివేగము గంటకు 140 మొదలు 150 కిలోమీటర్లు. ఉద్ధృతి 165 వరకు. ఉద్దానమున తరతరముల కొబ్బరిచెట్లు వరుసగా నేలగూలెను. నా మిత్రుని యింటి గోడ ఆయన కాలిమీద పడెను. వెలుగు వచ్చువరకు ఆయన దూలము క్రిందనే యుండెను. ప్రాణము దక్కినది. నాటినుండి చేతికఱ్ఱ లేక నడువలేడు. ఆయన నన్ను ఒక్క మాట యనలేదు. అనియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

సంక్రాంతికి మావాడు స్వగ్రామము వచ్చినపుడు, ముందుగా నేను కోరినది ఆ కారు తలుపులు విప్పి చూపుమనియే. బ్యాటరీ ఋణధ్రువపు తీగను తొలగించి, తలుపు లోపలి పలకను విప్పి, స్పీకరును చేతికిచ్చెను. కాగితపు గరాటు చెక్కుచెదరలేదు. దాని చుట్టును అంచుగా నుండు మెత్తని నురుగు పట్టీ మాత్రము వ్రేలు తగులగానే పుట్టతేనె మైనమువలె పొడియై రాలెను.

స్పీకరు పనిచేయు తీరు కష్టమైనది గాదు. ఒక అయస్కాంతము, దాని సన్నని సందులో సన్నతీగ చుట్ట, ఆ చుట్టకు అంటించిన కాగితపు గరాటు. రేడియోనుండి వచ్చు విద్యుత్తు తీగచుట్టలో ముందువెనుకలుగా పారగా, చుట్ట అయస్కాంతపు బలముచే ముందువెనుకలకు కదలును. గరాటు దానితో కదలి గాలిని నెట్టును. అదియే శబ్దము. నేటికిని వాడుకలోనున్న యీ యమరికను 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇద్దరు వివరించిరి. మన తప్పెటగుళ్ళ కళాకారులు రొమ్మున గట్టుకొను తప్పెటలో చేతివ్రేళ్ళు చేయు పనిని ఇక్కడ తీగచుట్ట చేయునన్నమాట. అంచు పట్టీ గరాటును నడిమిలో నిలుపును. అట్టి నురుగు పట్టీ పదిపదిహేనేండ్లకు దానంతటదే చివుకును; తేమయు ఎండవేడియు దానిని త్వరపెట్టును. అది చివికినచో గరాటు ఒరగి, చుట్ట అయస్కాంతమును రాచుకొనును. బరబర యదియే.

ఇందులో పండితులు గమనింపదగిన దొకటి గలదు. మాటలో బలము అచ్చులది, అర్థము హల్లులది. అచ్చుల బరువు మందశబ్దములలో నుండును. హల్లులను వేరుపరచు సూక్ష్మధ్వనులు చాలవరకు సెకనుకు 2,000 మొదలు 4,000 కంపనములు గల మీది స్థాయిలో, మిక్కిలి బలహీనముగా నుండును. చెడిన స్పీకరులో బలమైన అచ్చు వచ్చినప్పుడెల్ల చుట్ట రాచుకొని చప్పుడు పుట్టును. ఆ చప్పుడు ప్రక్కనున్న హల్లును మ్రింగును. అందుచేత నా చెవికి గణము దక్కినది, అక్షరము దక్కలేదు.

పట్టీని మాత్రము మార్చి పాత గరాటును నిలుపుకొనవచ్చును. నేర్పరి దొరికిన అది మేలు. మాకు దొరకలేదు. మావాడు పట్టణమునకు పోయి, ఒక దుకాణమున పెట్టెమీద 300 వాట్లని వ్రాసియున్న జత కొని, అక్కడనే బిగింపించుకొని వచ్చెను. బరబర పోయినది. కాని గొంతు నూతిలోనుండి వచ్చినట్లుండెను. ఆ తప్పులను మేము ఒక్కొక్కటిగా తెలిసికొంటిమి. అవి మీకును ఉపయోగపడును. కారు లేనివారికి ఇంటి రేడియోకైనను పనికివచ్చును.

మొదటిది, పెట్టెమీది పెద్ద సంఖ్యను చూచి మోసపోరాదు. అది స్పీకరు క్షణకాలము ఓర్చుకొను శిఖరసంఖ్య. శబ్దపు పరిమాణము గాదు. చూడవలసినది, ఒక వాటు విద్యుత్తుకు ఒక మీటరు దూరమున ఎన్ని డెసిబెళ్ళు పలుకునన్న లెక్క. ఇందులో మూడు డెసిబెళ్ళు తగ్గినచో, అంతే శబ్దమునకు రెండింతల విద్యుత్తు కావలెను. పాత కారులోని రేడియోకు బలము తక్కువ. దానికి కొద్దిపాటి విద్యుత్తుతో గట్టిగా పలుకు స్పీకరు కావలెను.

రెండవది, ఓముల లెక్క. కారు స్పీకర్లు సామాన్యముగా నాలుగు ఓములవి, ఇంటివి తరచుగా ఎనిమిది ఓములవి. నాలుగున్నచోట రెండు ఓములది తగిలించినచో రేడియోలోని భాగములు వేడెక్కి చెడవచ్చును. పాతదానిపై నున్న సంఖ్యయే క్రొత్తదానిపైనను ఉండవలెను.

మూడవది, వెడల్పుతోపాటు లోతును కొలువవలెను. తలుపులో అద్దము దిగుచోటు గలదు. అయస్కాంతము లావైనచో అద్దము దానికి తగిలి పగులును.

నాలుగవది, స్పీకరు తలుపునకు సందు లేకుండ అమరవలెను. గరాటు ముందుకు నెట్టిన గాలి సందుగుండ వెనుకకు పోయినచో మందశబ్దములు తమలో తామే అణగిపోవును. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమ్రానుతో వీణలు చేయువారిని అడుగుడు. కుండ పగిలిన వీణకు తంత్రులు మార్చిన లాభమేమి? మేము నీటికి నానని చెక్కతో వలయము కోయించి, మెత్తని పట్టీ వేసి బిగించితిమి.

ఐదవది, అందరును మరచునది. ప్రతి స్పీకరునకు ధన ఋణములను రెండు కొనలుండును. దుకాణములో ఒక తలుపున తీగలు తారుమారుగా తగిలించిరి. ఒక గరాటు ముందుకు వచ్చునప్పుడు రెండవది వెనుకకు పోవుచుండెను. రోటివద్ద ఇద్దరు దంపువారు ఒకరి రోకటికి ఒకరు అడ్డుపడినట్లు, ఒకటి చేసిన శబ్దమును రెండవది చెరుపుచుండెను. దీనిని పరీక్షించుట సులభము. రేడియోనుండి తీగలు విడదీసి, టార్చిలైటులో వేయు ఒకటిన్నర వోల్టుల సెల్లును క్షణకాలము స్పీకరు కొనలకు తాకింపుడు. సెల్లు ధనము స్పీకరు ధనమునకు తగిలినచో గరాటు ముందుకు పొంగును. తారుమారైనచో లోనికి పోవును.

ఈ రీతిగా రబ్బరు అంచు గల వేరొక జతను ఎంచి, మా చేతులతోనే బిగించితిమి. మొదట రేడియో పెట్టినపుడు పశువుల దాణాను గూర్చి యెవరో చెప్పుచుండిరి. ప్రతి యక్షరము విడివిడిగా వినబడెను. సంతోషముతోపాటు నాకు దుఃఖమును వచ్చెను. ఇది మూడు నెలలు ముందుగా చేసియుండరాదా!

ఆ యేడు వేసవిలోనే మరల పరీక్ష వచ్చెను. 2019 మే 2వ తేదీ సాయంకాలము, ఫొని తుపాను మా తీరము ప్రక్కగా ఉత్తరమునకు సాగుచున్నది. ఈదురుగాలి, వాన. మరల కరెంటు పోయెను. మరల లాంతర్లు వచ్చెను. నా మిత్రుడు చేతికఱ్ఱతో వచ్చి, కారు తలుపు చెంతనే నిలిచి, నావైపు చూడక స్పీకరువైపు చూచెను. “పూరీ” అని యిద్దరమును ఒక్కసారి వింటిమి. మరునాటి యుదయము అది పూరీ వద్దనే తీరము దాటెను.

“పూరీయంట మేస్టారూ, మనకి కాదు” అని ఆయన అనెను. “వింటిని. ఐనను పద, ఈ రాత్రి బడిలో పండుకొందము” అని నేనంటిని. ఆయన చిన్నగా నవ్వి నా భుజముమీద చేయి వేసెను. ఇద్దరము బడికి పోయితిమి.

పెద్దలారా, మన తీరమున తుపానులు ముఖ్యముగా వైశాఖ మాసపు రోజులలోను, ఆశ్వయుజ కార్తికములలోను వచ్చును. 1963లో విశాఖపట్నమున ఆకాశవాణి కేంద్రము వెలసిన నాటినుండి మన జిల్లాలకు చేరువనుండి పలుకు గొంతొకటి యున్నది. ఆ గొంతు మన యింటివరకు వచ్చియు, ఇంటిలోని పాడుబడిన స్పీకరు వాకిట నిలిచిపోరాదు. ఆ మాసములు రాకమునుపే, ఎండ కాయు దినమున, మీ రేడియోను ఒకమారు మాటాడింపుడు. పాట గాదు, మాట వినుడు. హల్లులు తెలియుచున్నవో లేదో చూడుడు.

ఇక, ఎంత బాగుచేసినను ఒకప్పుడు మాట వినబడకపోవచ్చును. అప్పుడు మీ చుట్టునున్నవారు మీ తెల్లవెండ్రుకలను చూచి, యేమనెనని మిమ్ము అడుగుదురు. “నాకు వినబడలేదు, కీడెంచి డాబా క్రిందికి పోదము” అని చెప్పుడు. పోయిన యక్షరమును ఊహతో పూరించుట పద్యములో చెల్లునేమో గాని, పొరుగువాని ప్రాణముతో చెల్లదు. ఈ మాట చెప్పుటకు నాకు అరువదియేండ్లు పట్టినది. మీకు ఒక్క ప్రసంగముతో పట్టుబడినచో నేను ధన్యుడను.

సెలవు.