మూత్రాశయము – రక్తప్రసారము – మన ఆహారము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను వైద్యుడను గాను. ఊరి లెక్కలు వ్రాయువాడను. ఈ గ్రంథాలయమందలి పుస్తకములే నాకు గురువులు. నేటి విషయమును సభలో ఉచ్చరించుటకు పలువురు సంకోచింతురు. ఆ సంకోచమువలననే నేను రెండేండ్లు బాధపడితిని గనుక దాచక చెప్పుచున్నాను.

చరకసంహిత సూత్రస్థానము 7వ అధ్యాయమున ఆపరాని వేగములు 13 చెప్పబడినవి. అందు మొదటిది మూత్రవేగము. హృదయము, శిరస్సులతోపాటు వస్తిని, అనగా మూత్రాశయమును, ప్రధాన మర్మములలో నొకటిగా ఆ గ్రంథమే గణించినది. పూర్వు లింత గౌరవించిన యవయవమును గూర్చి మనకు సిగ్గెందులకు?

మూత్రాశయము కండరముతో నేర్పడిన సంచి. నిండునపుడు సాగును, విడుచునపుడు ముడుచుకొనును. ముడుచుకొనుటకు శక్తి కావలెను. ఆ శక్తికి మూలమైన ఏ.టి.పి. అను పదార్థమును 1929లో కండరమునుండి కనుగొన్నవారిలో, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. ఆ పదార్థము తగినంత తయారగుటకు రక్తము ప్రాణవాయువును తెచ్చుచుండవలెను.

వార్ధక్యము, పొగత్రాగుట, మధుమేహము, రక్తపుపోటు నాళములను ఇరుకుచేయును. సంచి మితిమీరి నిండి సాగినను, గోడలోని నాళములు నలిగి రక్తము తగ్గును. పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరిగి మార్గమును బిగించినచో, కండరము బలముగా నొక్కునపుడు నట్లే యగును. విసర్జన ముగియగానే రక్తము మరల పొంగివచ్చును. ఎండిన కాలువకు ఒక్కుమ్మడి నీరు వదలిన గట్లు తెగునుగదా! అట్లే ఆ సమయమున ఫ్రీ రాడికల్సు అను తీవ్రకణములు పుట్టి, నరముల కొనలను, కండరకణముల పొరలను చెరుచును.

వీనిని శాంతింపజేయు ద్రవ్యములను యాంటీ ఆక్సిడెంట్లందురు. ఉసిరి, జామలలోని సి విటమిను, నేరేడు, నల్లద్రాక్షల రంగు, ఉల్లిలోని క్వెర్సెటిను, మునగాకులోని బీటా కెరొటిను ఇట్టివే. అమెరికాలో కుందేళ్ళ మూత్రమార్గమును కొంత బిగించి, ద్రాక్షతో చేసిన ద్రవమును పట్టి చూడగా, వాని మూత్రాశయములు తక్కువగా చెడినవి. కాని కుందేలు కుందేలే. మానవులయందు ఈ ఫలము ఇంకను రుజువు కాలేదు.

పండు మేలైనచో మాత్ర మరింత మేలని తలచి నేను సీసాలకొలది మ్రింగితిని. ఆ లెక్క తప్పు. 1994లో ప్రకటింపబడిన ఫిన్లాండు పరిశోధనలో, బీటా కెరొటిను మాత్రలు వాడిన పొగత్రాగువారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారుగా పెరిగినది. 2011లో వెలువడిన అమెరికా పరిశోధనలో, విటమిను ఇ మాత్రలు వాడిన పురుషులలో ప్రోస్టేటు క్యాన్సరు హెచ్చినది. చెట్టునందలి పండు వేరు, సీసాలోని సారము వేరు. నేను ఆసుపత్రికి పోవునప్పటికి నా సంచి పూర్తిగా ఖాళీ కాని స్థితి వచ్చెను. “ఉసిరిక మంచిదే, మీరు మాత్రము ఆలసించితిరి” అని వైద్యుడు చెప్పెను.

కావున పెరటి కాయలు, ఆకుకూరలు తినుడు. పొగాకు విడువుడు. ధార సన్నమైనను, రాత్రి పలుమారులు లేవవలసివచ్చినను, రక్తము కనిపించినను వెంటనే వైద్యుని జూడుడు. వేగమును ఆపకుడు.

తుదకొక మనవి. మన గ్రంథాలయమునకు వచ్చు స్త్రీలు గంటసేపైనను కూర్చుండక వెడలిపోవుదురు. చదువునం దాసక్తి లేక కాదు. ఇచ్చట మూత్రశాల లేదు. కొందరు అందులకే నీరు త్రాగుట మానుచున్నారు. వేగము నాపకుడని చెప్పి, ఆపక తప్పని తావున వారిని కూర్చుండబెట్టుట న్యాయమా? ఈ యుత్సవపు జమాఖర్చులు నా చేతివే. ముఖద్వారమునకై ఉంచిన పైకము ఇంకను ఖర్చు కాలేదు. దానిని స్త్రీల మూత్రశాలకు మార్చుటకు సభవారు నేడే అనుమతింపవలెనని ప్రార్థించుచున్నాను. ద్వారము లేకున్నను పాఠకులు లోనికి వత్తురు. ఈ వసతి లేకున్న నిలువరు.

సెలవు.