తేలని జవాబు: ఒంటరి డిజైనరుకు ఒత్తిడి ఎక్కడిది?



డిగ్రీ చదువుతూనే ఫొటోషాప్, కోరల్‌డ్రా నేర్చుకుని శుభలేఖలు, పుస్తకాల ముఖచిత్రాలు, దుకాణాలకు లోగోలు చేసిపెడుతున్నవారు మీలో ఉండవచ్చు. ఏ సంస్థలోనూ చేరకుండా ఇలా సొంతంగా పనిచేసేవారిని ఫ్రీలాన్స్ డిజైనర్లు అంటున్నాం. పై అధికారి ఉండడు, హాజరుపట్టీ ఉండదు. చూసేవారికి హాయిగానే కనిపిస్తుంది. అయినా నిద్ర పట్టడం లేదనీ, ఫోను మోగితే గుండె దడదడలాడుతోందనీ చెప్పేవారు వీరిలో కనిపిస్తుంటారు. పని ఎక్కువై ఇలా జరుగుతోందని మనం అనుకుంటాం. అసలు కారణం చాలాసార్లు వేరే ఉంటుందని నా అభిప్రాయం.

ముందుగా శరీరం సంగతి చూద్దాం. చలి, గాయం, అతిశ్రమ, ఇలా కారణం ఏదైనా శరీరం దాదాపు ఒకే తీరున స్పందిస్తుందని హాన్స్ సెల్యే ఎలుకలపై ప్రయోగాలు చేసి 1936లో 'నేచర్' పత్రికలో ప్రకటించాడు. మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథికి సంకేతం పంపుతుంది. అక్కడినుంచి మూత్రపిండాలమీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులకు కబురు చేరుతుంది. కార్టిసాల్ విడుదలై రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. ప్రమాదం తప్పగానే ఇదంతా సద్దుమణగాలి. పులి అయితే కాసేపటికి వెళ్లిపోతుంది. క్లయింటు అలా వెళ్లిపోడు కదా!

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. 45 మందితో కంప్యూటరు ఆట ఆడించారు. తెరమీది రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి విద్యుత్ షాక్ తగులుతుంది. చెమటను, కంటిపాప విప్పారడాన్ని కొలిచారు. షాక్ తప్పదని తెలిసినప్పుడు కన్నా, తగిలే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడే ఒత్తిడి అత్యధికంగా కనిపించింది.

ఇప్పుడు మన డిజైనరును ఊహించుకోండి. మూడు నమూనాలు పంపాడు. "చూసి చెబుతాం" అన్నారు. నాలుగు రోజులైంది. నచ్చలేదా? డబ్బు వస్తుందా? ఆఫీసులో అయితే పక్క కుర్చీలోని సీనియరు "వాళ్లెప్పుడూ అంతేనయ్యా" అంటాడు. ఆ ఒక్క మాటతో సగం బెంగ తీరుతుంది. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నవాడికి ఆ మాట చెప్పేదెవరు? పైగా రాత్రి పదకొండింటికి, "చిన్న మార్పు, అంతే" అని సందేశం వస్తుంది. ఆ చిన్న మార్పు ఎన్నోదో లెక్క ఉండదు.

యోగా, నడక మంచివే. కానీ రావలసిన డబ్బు ఎప్పుడొస్తుందో అవి చెప్పలేవు. ఎన్నిసార్లు మార్చాలి, ముందుగా ఎంత ఇవ్వాలి, మిగతాది ఎప్పటిలోగా ఇవ్వాలి అన్నవి పని మొదలుపెట్టకముందే కాగితంమీద పెట్టండి. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకుంటే 2006 నాటి చట్టం రక్షణ దొరుకుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి గడువు చెల్లదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగవచ్చు. ఈ సంగతి తెలియని డిజైనర్లు చాలామందే ఉంటారు.

వారానికొకసారైనా ఇదే వృత్తిలోని ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని బిల్లుల గురించి, క్లయింట్ల గురించి మాట్లాడుకోండి. అయినా నిద్ర దూరమై, పనిమీద మనసు నిలవకపోతే 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు, రుసుము ఉండదు.