కాలము మించిన తోట
(శ్రీకాకుళమున ఒక పఠనమందిరములో న్యాయవాది యొకరు చేసిన ఉపన్యాసము)



కూరగాయల పెంపకమును గూర్చి ప్లీడరు మాటలాడుట మీలో కొందఱికి వింతగా నుండవచ్చును. కాని నేటి ప్రశ్న మా వృత్తికి మిగుల పరిచితమైనదే. గడువు దాటి వచ్చినవానికి ఏమైన మిగిలియున్నదా?

1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము గడువు దాటిన దావాను కోర్టు మన్నింపజాలదు. అప్పీలు విషయమున అట్లు గాదు. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారమును ఆ చట్టమే 5వ సెక్షనున ఇచ్చుచున్నది. భూమాత న్యాయస్థానమునను ఈ రెండు తీరులును గలవు. కొన్ని పైరులు దావాల వంటివి, కొన్ని అప్పీళ్ల వంటివి. ఈ భేద మెఱుగక, తోట వేయదలచిన పట్టణవాసి కార్తీకము రాగానే “ఈ యేటికి కాలము మించినది, తొలకరికి చూతము” అని చేతులు ముడుచుకొనుచున్నాడు. తొలకరి వచ్చును. దానితో మఱియొక సాకును వచ్చును.

ఆలస్యమంతయు సోమరితనము వలననే కలుగదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినది. కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ నష్టమును పెరటిమడి పూడ్చునని చెప్పుట బాధితులను పరిహసించుటయే యగును. అయినను 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడును అక్టోబరు మాసముననే వచ్చినవని మఱువరాదు. మన తీరమున తోట వేయువాడు ఆలస్యముగా ఆరంభించుటను సైతము ఒక విద్యగా నేర్చుకొనవలయును.

ఇక మన్నింపు గల పైరులేవి? తోటకూర 25, 30 దినములలో కోతకు వచ్చును. మెంతికూర కూడ అంతే. ముల్లంగికి సుమారు 45 దినములు చాలును. పాలకూర, కొత్తిమీర ఎండలకంటె చలినే మెచ్చును. వంగ, టమాటా నారు ఇప్పుడు నాటినను మాఘమున కాయలు చూడవచ్చును. చిక్కుడు సంగతి మిక్కిలి వినదగినది. నాటు చిక్కుడు పూయుటకు పగలు కురుచ కావలయును. ఆషాఢమున పెట్టిన పాదు పందిరి నిండ అల్లుకొనియు చలిదినములకై వేచియుండును. ఆలస్యముగా పెట్టినది చిన్న తీగగానే పూతకు వచ్చును. ముందు వచ్చినవానికి కాపు అధికము, వెనుక వచ్చినవానికి స్వల్పము. అయినను వానికి పూత నిరాకరింపబడదు.

బీర, పొట్ల, ఆనప మాత్రము చలిలో ఎదుగక మందగించును. వానిని మాఘము వెళ్లువేళ వేసవి కాపునకై పెట్టుకొనుడు.

మొదటిసారి వేయువానికి గజము వెడల్పు, మూడు గజముల పొడవు గల మడి చాలును. వాయుగుండపు వానలు ఇంకను రావచ్చును గనుక మడిని జానెడెత్తు లేపి, నీరు పోవుటకు కాలువ తీయవలయును. బాగుగా మాగిన పశువుల ఎరువునే వేయవలయును. తోటకూర విత్తును ఇసుకతో కలిపి చల్లినచో సమముగా పడును. మెంతులను రాత్రి నానవేయవలయును. ధనియాలను నలిపి రెండు బద్దలు చేయవలయును. అంతయు ఒక్కనాడే చల్లక పదేసి దినముల యెడముతో చల్లినచో కూర వరుసగా అందును. వానకాలపు కలుపును కుళ్లును ఇప్పుడు తక్కువ. కావున వెనుక వచ్చిన శిష్యునికి సులభమైన పాఠశాలయే లభించినది.

ఇంత చిన్న మడికి ఇంత ఉపన్యాస మేల యందురేమో. 1942లో బర్మా శత్రువుల వశమై అచ్చటి బియ్యము నిలిచిపోయినది. మన తీరమునుండి రంగూనునకు కూలికి పోయినవారెందఱో ఆ యేట సర్వము విడిచి తిరుగుముఖము పట్టిరి. ఆ యుద్ధకాలమున ఆంగ్లదేశపు ప్రభుత్వము తన ప్రజలచేత పచ్చిక బయళ్లను త్రవ్వించి కూరలు పండింపజేసినది. బంగాళమున ఆ ప్రభుత్వపు అధికారులే 1942లో పల్లెవాసుల పడవలను స్వాధీనపఱచుకొనిరి. 1943 కఱవున అచ్చట మృతులైనవారు ముప్పది లక్షల వఱకు ఉందురని అంచనా. అట్టి కఱవును పెరటితోట ఆపజాలదు. కాని తన పళ్లెములోని కూర ఎచ్చట పండినదో, ఎవరి చెమటతో వచ్చినదో యెఱుగని జనము ధర పెరిగిననాడు ఎవరిని ప్రశ్నింపవలయునో కూడ నెఱుగదు. స్వయముగా ఒక మడి తడిపినవాడు రైతు మొఱను వేఱుగా వినును. స్వరాజ్యమునకు కావలసిన పౌరుడు అట్టివాడే.

మీకొక్కటే విన్నపము. తోటకూరలో ఒక మొక్కను కోయక విత్తు కట్టనిండు. వీధివారికెల్ల పంచవచ్చును. రథసప్తమి నాడు చిక్కుడాకున పాయసముంచి సూర్యునకు నివేదించుట మన ఇండ్ల ఆచారము. అరసవల్లి స్వామి పొరుగున నున్న మనకు ఆ నాటి ఆకు బజారుది యగునో, మన పందిరిది యగునో, ఈ వారము మనము చేయు పనియే నిర్ణయించును.