జ్వరం మందు ఎన్ని ఎంఎల్?

పిల్లల డాక్టరుగా నేను రోజూ వినే ప్రశ్న ఒకటుంది: "జ్వరమొచ్చింది డాక్టరుగారూ, ఎన్ని ఎంఎల్ పొయ్యాలి?" మీ ఇంట్లో ఉన్నది ఏ సీసానో తెలియకుండా నేనే కాదు, ఏ డాక్టరూ దీనికి జవాబు చెప్పకూడదు.

పారాసిటమాల్ డోసు పిల్లల బరువును బట్టి ఉంటుంది. ఒక్కో డోసుకు కిలోకి 10 నుంచి 15 ఎంజీ. పాప బరువు 12 కిలోలనుకోండి. 12ని 15తో గుణిస్తే 180 ఎంజీ. పాపకు ఒక డోసులో ఇంతకు మించి పడకూడదు. ఇప్పుడు లేబుల్ చూడండి. 5 ఎంఎల్‌లో 120 ఎంజీ అని ఉంటే, ఒక్క ఎంఎల్‌లో 24. 180ని 24తో భాగిస్తే ఏడున్నర ఎంఎల్. అదే 5 ఎంఎల్‌లో 250 ఉన్న సిరప్ అయితే 3.6 చాలు. ఇక చంటిపిల్లల చుక్కల మందు. సీసా చిన్నది, పసివాళ్లది, మందు పల్చగా ఉంటుందిలే అనుకుంటాం. కానీ ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ ఉంటుంది! పాపకు 1.8 ఎంఎల్ సరిపోతుంది. "పోయినసారి ఏడున్నర పోశాంగా" అని ఇందులోంచీ అంతే పోస్తే, 750 ఎంజీ ఒక్కసారే లోపలికి పోతుంది.

ఇలాంటి పొరపాట్లకు భయపడే అమెరికాలో 2011లో కంపెనీలు చిక్కటి చుక్కల మందు మానేసి, పిల్లల సిరప్ అంతా 5 ఎంఎల్‌కి 160 ఎంజీ చేశాయి. మన షాపుల్లో మాత్రం అన్ని రకాలూ పక్కపక్కనే ఉంటాయి. అన్నట్టు, అమెరికా నుంచి మనవలొచ్చే ఇళ్లవాళ్లు ఇంకోటి గమనించాలి. అక్కడ బరువు పౌండ్లలో చెబుతారు. 26 పౌండ్లంటే, 2.2తో భాగిస్తే, 12 కిలోలకు కాస్త తక్కువ. 26 కిలోలనుకుని లెక్క కడితే డోసు రెట్టింపు దాటిపోతుంది.

సీసా బాగా కుదపండి. వంటింటి చెంచా వద్దు, సూది లేని సిరంజితో కొలవండి. డోసుల మధ్య ఆరు గంటలు ఆగండి. కొన్ని జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాల్ ఉంటుంది, అదీ లెక్కలోకే వస్తుంది. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరమొస్తే ఈ లెక్కలేవీ వద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

డోసు మరీ ఎక్కువైతే లివర్ దెబ్బతింటుంది. మొదటి రోజు పిల్ల ఆడుకుంటూనే ఉండొచ్చు. నాకు భయం అక్కడే. విరుగుడు మందు ఉంది, ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అనుమానం వస్తే తెల్లారాక చూద్దాం అనుకోకుండా, సీసా కూడా పట్టుకుని ఆస్పత్రికి రండి.