క్యామ్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఇదొక్కటి చూడండి
బాలానగర్, జీడిమెట్లలో చిన్న మెషిన్ షాపులు నడిపే తమ్ముళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, మాస్టర్‌క్యామ్ కొనాలా, సాలిడ్‌క్యామా, ఫ్యూజనా?"

నేనైతే ముందు మీ మెషిన్ కంట్రోలర్ ఏదని అడుగుతా. ఫానక్‌కీ సీమెన్స్‌కీ కోడ్ ఒకేలా ఉండదు కదా. టూల్‌పాత్‌ని మీ మెషిన్‌కి అర్థమయ్యే జీ-కోడ్‌గా మార్చేది పోస్ట్ ప్రాసెసర్. అది సరిగ్గా లేకపోతే, స్క్రీన్ మీద సిమ్యులేషన్ ఎంత బాగున్నా టూల్ వెళ్లి వైస్‌ని గుద్దొచ్చు. స్పిండిల్ దెబ్బతింటే సాఫ్ట్‌వేర్‌లో మిగిల్చిందంతా అక్కడికే పోతుంది.

ఫ్యూజన్ ఫ్రీగా వస్తుందిగా అంటారు. అది సొంత వాడకానికే, కస్టమర్ జాబులకు కాదు. పైగా 2020 నుంచి అందులో ఆటోమేటిక్ టూల్ చేంజ్ లేదు. నేర్చుకోడానికి మాత్రం బంగారం.

అందుకే డెమోకి వచ్చినవాళ్లకి మీ జాబ్ డ్రాయింగే ఇవ్వండి. వాళ్లిచ్చిన కోడ్‌తో మీ మెషిన్ మీదే, జాబ్ బిగించకుండా డ్రై రన్ వేయించండి. అది ఓకే అయ్యాకే డబ్బులు తీయండి.