బ్యారెన్ దీవి దగ్గర నేర్చుకున్న పాఠం



ఆర్మీలో మంచుకొండలు చాలా చూశాను. నిప్పుకొండను మాత్రం రిటైరయ్యాకే చూశాను. అది అండమాన్‌లోని బ్యారెన్ దీవి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన మన పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యాన సుమారు 138 కిలోమీటర్లు. దేశంలో రగులుతున్న అగ్నిపర్వతం ఇదొక్కటే. నూటయాభై ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో లేచింది. 2017 జనవరిలో గోవా సముద్ర శాస్త్రవేత్తలు ఓడలో దగ్గరుండగానే బూడిద చిమ్మింది. చీకటి పడ్డాక ఎర్రటి లావా కనిపించిందట.

మేం రాత్రి ఓడెక్కాం. గైడు తెలుగువాడే. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకని వచ్చి స్థిరపడిన కుటుంబం. తెల్లారేసరికి ఎదురుగా నల్లటి కొండ, నెత్తిన పొగ. మనుషుల్లేరు. ఎప్పుడో ఓడలవాళ్లు వదిలిన మేకల సంతతి ఊటనీళ్లు తాగి బతుకుతోందని చెప్పాడు.

నాకు దిగాలనిపించింది. "తమ్ముడూ, సుబేదార్‌గా రిటైరయినవాణ్ణి. ఒక్క ఐదు నిమిషాలు" అన్నాను.

"దిగడానికి పర్మిషన్ లేదు సార్. మీ పోస్టు దగ్గర సివిలియన్ ఎవరైనా ఐదు నిమిషాలంటే వదిలేవారా?" అన్నాడు.

నాకు నోరు పెగల్లేదు. మా ఆవిడ ముఖం తిప్పుకుని నవ్వింది. 28 ఏళ్లు జనాన్ని గీత దగ్గర ఆపినవాణ్ణి, నా ముందు గీత వచ్చేసరికి ర్యాంకు చెప్పాను! క్యూల్లో, టోల్‌గేట్ల దగ్గర మనలో కొందరం చేస్తున్నదీ ఇదే. యూనిఫాం విప్పినా డిసిప్లిన్ విప్పకూడదు.

ఓడ దిగేముందు ఆ కుర్రాడికి సెల్యూట్ చేశాను. జైహింద్.